కింద కొట్లు, పైన కాపురాలు: వన్ టౌన్‌లో ఒక పాత మిద్దె డైరీ

పాత బజారు వీధుల్లో సున్నపు గోడల మిద్దెలు ఉండి, వాటిని పడగొట్టాలా నిలబెట్టాలా అని తేల్చుకోలేకపోతున్నవాళ్ళ కోసం ఈ డైరీ. విశాఖపట్నం వన్ టౌన్‌లో, పాతపోస్టాఫీసు దగ్గర, మా ముత్తాత కట్టించిన రెండంతస్తుల మిద్దెను కింద కొట్లుగా, పైన అద్దె వాటాలుగా మార్చడానికి మాకు 26 నెలలు పట్టింది. 46 లక్షలు అనుకున్నది 56.70 లక్షలయింది. అందులో 3.12 లక్షలు నా తప్పుల ఖరీదు. ఏ తప్పుకు ఎంతయిందో ఎక్కడికక్కడ రాశాను. అవి మీరు చేయకుండా ఉంటే ఆ డబ్బు మీకు మిగులుతుంది.

మిద్దె వివరాలు:

- ముఖద్వారం పైన సున్నంలో అచ్చువేసిన సంవత్సరం 1926. ఓడరేవు 1933లో తెరిచేనాటికి దీనికి ఏడేళ్ళు.
- కింది గోడలు 22 అంగుళాల మందం, ఖొండలైట్ రాయి, సున్నం. పై గోడలు 14 అంగుళాల ఇటుక, సున్నం.
- రెండు కప్పులూ మద్రాసు టెర్రస్. అంటే టేకు దూలాలు, వాటి మీద నిలువుగా పేర్చిన చిన్న ఇటుకలు, పైన ఇటుక ముక్కల సున్నపు కాంక్రీటు, ఆ పైన పలక పెంకులు.
- నడుమ చిన్న మండువా. పక్కన 5 అడుగుల సందు.
- పని మొదలుపెట్టేనాటికి కింద మూడు కొట్ల అద్దె అంతా కలిపి నెలకు 12,000. పైన 19 ఏళ్ళుగా ఎవరూ లేరు.

ఆ చివరి వాక్యమే మొత్తం కథ. మా నాయనమ్మ పైన ఉన్నన్నాళ్ళు ఈ కప్పు కారితే అదే రోజు తెలిసేది, మేస్త్రీ మర్నాడు వచ్చేవాడు. ఆవిడ పోయాక పైన తాళం పడింది. కొట్లవాళ్ళు రాత్రి తొమ్మిదికి షట్టర్లు దించి వెళ్ళిపోతారు. కారుపు ఎప్పుడు మొదలైందో, ఎన్ని వానాకాలాలు సాగిందో చూసినవాళ్ళు లేరు. అందుకే పై అంతస్తును గోదాముగా ఇమ్మని ఎందరు అడిగినా ఒప్పుకోలేదు.

మొదటి దశ: కొలతలు (1 నుంచి 3 నెలలు)

పనిముట్లు: లేజర్ కొలత యంత్రం, 50 అడుగుల టేపు, తూకం గుండు, నీళ్ళు నింపిన పారదర్శక గొట్టం, 3 మి.మీ. గాజు పలకలు.

మొదటి తప్పు ఇక్కడే జరిగింది. ముందు వెడల్పు కొలిచి, లోతు కొలిచి, మిద్దె నలుచదరంగా ఉందనుకుని పటం గీయించాను. అనుమతికి అదే పెట్టాను. తరువాత మెట్ల కోసం వెనుక వైపు కొలిస్తే 29 అడుగుల 10 అంగుళాలే వచ్చింది. ముందు 31 అడుగుల 2 అంగుళాలు. తేడా 16 అంగుళాలు! మెట్ల మలుపు 140 మి.మీ. చాలలేదు. పటాలు మళ్ళీ గీయించి, మళ్ళీ అనుమతికి పెట్టవలసి వచ్చింది. ఖరీదు 22,000, రెండు నెలల కాలం.

ఇలా కొలవండి:

1. ప్రతి గదికీ నాలుగు భుజాలు, రెండు కర్ణాలు కొలవాలి. కర్ణాలు సమానంగా లేకపోతే గది నలుచదరం కాదు.
2. నీటి గొట్టంతో ఒకే మట్టం గీత మిద్దె అంతటా గోడల మీద గీయాలి. నేల, కప్పు, కిటికీ ఎత్తులన్నీ ఆ గీత నుంచే రాసుకోవాలి.
3. తూకం గుండు ప్రతి 3 మీటర్లకు ఒకటి వేలాడదీసి, గోడ ఎంత ఒరిగిందో చూడాలి. మా ముందు గోడ 3.6 మీటర్ల ఎత్తులో 38 మి.మీ. బయటికి ఒరిగి ఉంది.
4. ప్రతి పగులు మీద అడ్డంగా గాజు పలక అతికించి, తేదీ రాయాలి. పగులు కదులుతుంటే గాజు విరుగుతుంది.

పదకొండు గాజు పలకలు పెట్టాను. పది వారాల్లో రెండు విరిగాయి. రెండూ వెనుక గోడ మీదే, నాలుగు అడుగుల దూరంలో. అక్కడ తవ్వితే పాత మట్టి గొట్టం అతుకు విడిపోయి, మురుగు నీరు పునాది కింద ఇంకుతోంది. మిగతా తొమ్మిది పగుళ్ళు ఎప్పుడో వచ్చి ఆగిపోయినవి. వాటిలో సున్నం నింపడం తప్ప చేయవలసింది లేదు. గాజు పలకలకు నాకయిన ఖర్చు 300 రూపాయలు. అవి లేకపోతే ముందుగోడ ఒరుగు చూసి భయపడి దానికే లక్షలు పోసేదాన్ని. కదులుతున్నది వెనుక గోడ.

ఈ దశ ఖర్చు: 1.85 లక్షలు. ఇప్పటివరకు: 1.85 లక్షలు.

రెండో దశ: చెమ్మ ఎక్కడిది? (4 నుంచి 9 నెలలు)

కింది గోడలకు ఎప్పుడో సిమెంటు పూత వేయించారు. అది నేల నుంచి ఆరడుగుల వరకు పెచ్చులుగా ఊడుతోంది. వెనుక తెల్లగా ఉప్పు. చూసిన ప్రతివాళ్ళూ ఇచ్చిన సలహా ఒక్కటే: మళ్ళీ సిమెంటు పూత, ఈసారి నీరు పట్టని మందు కలిపి.

నేను ముందు కొలవాలనుకున్నాను. పిన్నులు గుచ్చే చెమ్మ మీటరు కొన్నాను గాని అది చెక్క కోసం చేసినది. ఉప్పు పట్టిన గోడలో అంకెలు ఎక్కువ చూపిస్తుంది. దాన్ని నమ్మి ఒక నెల తప్పుడు పట్టిక రాశాను. తరువాత ఈ పద్ధతికి మారాను:

1. 12 మి.మీ. బిట్టుతో, డ్రిల్లు నెమ్మదిగా తిప్పుతూ, నేల నుంచి నాలుగు ఎత్తులలో రంధ్రాలు వేయాలి. వేగంగా తిప్పితే వేడికి చెమ్మ ఆవిరవుతుంది.
2. వచ్చిన పొడిని వెంటనే గట్టి మూత డబ్బాలో వేయాలి.
3. బంగారం తూచే చిన్న త్రాసు మీద బరువు చూడాలి.
4. 105 డిగ్రీల ఓవెన్‌లో బరువు తగ్గడం ఆగేదాకా ఉంచి మళ్ళీ తూచాలి.
5. పోయిన బరువును పొడి బరువుతో భాగించి నూరుతో హెచ్చవేస్తే చెమ్మ శాతం.

వెనుక గోడ లెక్క, సిమెంటు తీయకముందు: 0.3 మీటర్ల ఎత్తులో 14.2 శాతం, 0.9లో 11.8, 1.5లో 9.6, 2.1లో 3.1.

నేల నుంచి ఎక్కే చెమ్మ సున్నపు గోడలో కొంత దూరం ఎక్కి, బయటికి ఆరిపోతుంది. సిమెంటు పూత ఆ దారి మూసింది. బయటికి పోలేని నీరు పైకి పోయింది. పూత ఎంత ఎత్తుకు పెంచితే చెమ్మ అంత ఎత్తుకు ఎక్కింది. అందుకే పూత మొత్తం తీయించాలని నిర్ణయించుకున్నాను.

తీయడంలో రెండో తప్పు. పని త్వరగా అవుతుందని కరెంటు సుత్తి, కోత యంత్రం తెప్పించాను. నాలుగు రోజుల్లో ముందు గోడ పూత ఊడింది గాని, దాంతో పాటే ఖొండలైట్ రాళ్ళ అంచులు విరిగిపోయాయి. సిమెంటు రాతి కంటే గట్టిగా పట్టుకుంది. దెబ్బ వేస్తే బలహీనమైనది విరుగుతుంది. విరిగిన రాళ్ళు మార్చడానికి 31,000. మిగతా గోడలకు ఉలి, సుత్తి మాత్రమే వాడాం. రోజుకు ఒక మనిషి 25 చదరపు అడుగులు తీయగలడు. అది నెమ్మది అనిపిస్తే ఈ పని మొదలుపెట్టకండి.

తరువాత ఉప్పు. కాగితపు గుజ్జు, బంకమట్టి, శుద్ధి చేసిన నీరు కలిపి గోడకు అంగుళం మందాన పట్టు వేస్తే, అది ఆరుతూ గోడలోని ఉప్పును తనలోకి లాగాలి. మొదటిసారి ఎండకు త్వరగా ఆరిపోతుందేమోనని మూడు వారాలూ పాలిథిన్ కప్పి ఉంచాను. పట్టు ఆరనే లేదు. ఆరకపోతే నీరు కదలదు, నీరు కదలకపోతే ఉప్పు రాదు. 18,000 వృథా. రెండోసారి నాలుగు రోజులు కప్పి, తరువాత తీసేసి ఆరనిచ్చాం.

ఎంత ఉప్పు వస్తున్నదో చూడటానికి, ఊడదీసిన పట్టులో 50 గ్రాములు అర లీటరు శుద్ధి నీటిలో కలిపి, తాగునీటిలో కరిగిన ఉప్పులను కొలిచే టీడీఎస్ మీటరు పెట్టాను. మొదటి పట్టు 2,900, రెండోది 1,640, మూడోది 720. మూడోదాని తరువాత ఆపేశాం.

మురుగు గొట్టం మార్చి, పూత తీసి, ఐదు నెలలు ఆరనిచ్చాక అదే గోడ, అదే ఎత్తులు: 8.9, 6.0, 3.2, 2.4 శాతం. గోడలోకి ఏ మందూ ఎక్కించలేదు.

కొట్లవాళ్ళు ఈ ఐదు నెలలూ బోడి రాతి గోడల మధ్యే వ్యాపారం చేశారు. ఆ కాలానికి సగం అద్దె మాత్రమే తీసుకున్నాను. ఆ నష్టం కింది లెక్కలో లేదు.

ఈ దశ ఖర్చు: 5.40 లక్షలు. ఇప్పటివరకు: 7.25 లక్షలు.

మూడో దశ: సున్నం (8 నుంచి 13 నెలలు)

సున్నం పని తెలిసిన మేస్త్రీ దొరకడానికి ఆరు వారాలు పట్టింది. దొరికినాయనకు డెబ్బై దాటాయి. ఆయన చెప్పిన మొదటి మాట: "అమ్మా, సున్నం నానాలి. మీకు తొందరుంటే నన్ను పిలవకండి."

ఆయన రాకముందే ఒక పని చేసి ఉన్నాను. రాతి సున్నం తెప్పించి, నాలుగు రోజులు నానబెట్టి, వెనుక గదిలో 220 చదరపు అడుగుల పూత వేయించేశాను. మూడో వారం నుంచి గోడ మీద శనగగింజంత గుంటలు పడటం మొదలైంది. నానని సున్నపు పలుకులు గోడలో ఉండి, గాలిలో తేమ తాగి, ఉబ్బి, పూతను పేల్చాయి. మొత్తం గీకి మళ్ళీ వేయించడానికి 64,000.

మేస్త్రీ గారితో స్థిరపడిన పద్ధతి:

1. తొట్టిలో ముందు నీరు పోసి, కాల్చిన సున్నపురాయి కొంచెం కొంచెంగా వేయాలి. రాయి మీద నీరు పోయకూడదు. ఉడుకుతున్న సున్నం ఎగిరి కంట్లో పడితే చూపు పోతుంది. కళ్ళద్దాలు, రబ్బరు చేతితొడుగులు లేకుండా ఎవరినీ తొట్టి దగ్గరికి రానివ్వలేదు.
2. సన్నని జల్లెడ పట్టి, పైన నాలుగు అంగుళాల నీరు నిలిచేలా 30 రోజులు ఉంచాలి.
3. లోపలి పూతకు 1 పాలు సున్నం, 1 పాలు సుర్ఖీ, 2 పాళ్ళు జల్లించిన నది ఇసుక. సముద్రపు ఇసుక చేతిలో ఎంత బాగున్నా వద్దు; అందులో ఉప్పు ఉంది.
4. ఈ మిశ్రమాన్ని గానుగలో తిప్పాలి. ఎద్దులు లేవు కాబట్టి మోటారు గానుగ అద్దెకు తెచ్చాం. తాపీని తిరగేస్తే ముద్ద జారకుండా అంటుకుని ఉండాలి.
5. గోడను ముందు రోజు సాయంత్రం, మళ్ళీ పొద్దున తడపాలి. 12 మి.మీ.కు మించని పొరలుగా వేయాలి.
6. 14 రోజులు తడి గోనె సంచులు వేలాడదీయాలి.

సుర్ఖీ అంటే ఇటుక పొడి. బాగా కాలిన ఎర్ర ఇటుకల పొడి తెచ్చాం మొదట, పూత గట్టిపడలేదు. కొంచెం తక్కువ కాలిన ఇటుకల పొడి సున్నంతో బాగా కలిసి గట్టిపడుతుందని ఆయన చెప్పారు. రెండు రకాలతో అడుగు చదరపు నమూనాలు వేసి, 28 రోజుల తరువాత మేకుతో గీసి చూశాం. తక్కువ కాలిన దాని మీద గీత మాత్రమే పడింది. ఎక్కువ కాలిన దాంట్లో మేకు దిగింది.

కరక్కాయ, బెల్లం నీళ్ళ గురించి అందరూ అడుగుతారు. 100 లీటర్ల నీటికి 4 కిలోల దంచిన కరక్కాయ, 3 కిలోల బెల్లం వేసి పది రోజులు ఉంచి, పై పూతలో వాడాం. తాపీ కింద పూత మెత్తగా సాగింది, నెమ్మదిగా ఆరింది, సన్న బీటలు తగ్గాయి. మొదటి గదిలో బెల్లం 6 కిలోలు వేయించాను. వారంలో గోడంతా చీమలు. సగానికి తగ్గించాక రాలేదు.

ముందు గోడ ఒరుగు గురించి: దాన్ని తిన్నగా చేయలేదు. అక్కడి గాజు పలకలు విరగలేదు కాబట్టి, పై అంతస్తు నేల మట్టంలో నాలుగు స్టెయిన్‌లెస్ కడ్డీలతో అడ్డగోడలకు బిగించి వదిలేశాం.

ఈ దశ ఖర్చు: 9.10 లక్షలు. ఇప్పటివరకు: 16.35 లక్షలు.

నాలుగో దశ: దూలాలు, కప్పు (12 నుంచి 19 నెలలు)

ఇక్కడే డబ్బు కరిగింది, ఇక్కడే ఎక్కువ నేర్చుకున్నాను.

నడిమి కప్పులో 17 టేకు దూలాలు, అంటే గోడలో దూరిన కొనలు 34. సుత్తితో తట్టి శబ్దం విన్నాం. అనుమానం ఉన్నచోట 3 మి.మీ. బిట్టు దించి ఎంత సులువుగా దిగుతోందో చూశాం. 6 కొనలు పుచ్చిపోయాయి. ఆరూ ఒకే గోడవి. బయట సిమెంటు పూత ఉన్న వెనుక గోడవి. సున్నం మిగిలి ఉన్న తూర్పు గోడలో ఒక్క కొన కూడా చెడలేదు. వందేళ్ళు దగ్గరపడుతున్న టేకు అక్కడ నిన్న కోసినట్టు నూనె వాసన వేసింది.

ఒక సలహాదారు మొత్తం కప్పు తీసేసి కాంక్రీటు స్లాబు వేయమన్నారు. అందుకు గోడల్లో స్తంభాలు దించాలి, రాతి గోడ కోయాలి. నేను ముందు పై కప్పు మీద ఏముందో చూద్దామన్నాను. మూలలో అడుగు చదరం తవ్వాం. మొత్తం మందం 290 మి.మీ. అసలు కట్టినది 200 మాత్రమే. మిగతా 90 మి.మీ. మూడు దఫాలుగా, కారినప్పుడల్లా వేసిన సిమెంటు పొరలు. చివరి పొర 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను తరువాతది.

లెక్క: చదరపు మీటరుకు 180 కిలోలు. కప్పు 195 చదరపు మీటర్లు. మొత్తం 35 టన్నులు. కారుపు ఆపడానికి 35 టన్నులు మోయించాం ఈ దూలాల చేత. కారుపూ ఆగలేదు, ఎందుకంటే సిమెంటు ఎండకు పగిలి, ఆ పగుళ్ళలో దిగిన నీరు కింద సున్నంలో చిక్కుకుపోయింది. ఆ పొరలను చేతితో తీయించి కిందికి దించడానికి 12 ట్రాక్టర్లు, 23 రోజులు. పై దూలాల వంగుడు ఒక నెలలో దానంతటదే 4 నుంచి 7 మి.మీ. తగ్గింది.

పుచ్చిన కొనల మరమ్మతు:

1. దూలానికి రెండు వైపులా జాకీలు. రోజుకు 2 మి.మీ.కు మించి లేపకూడదు. మొదటి దూలాన్ని ఒక మధ్యాహ్నంలో 9 మి.మీ. లేపాం, పైన కొత్త పూత నాలుగు అడుగులు పగిలింది.
2. మంచి చెక్క కనిపించేదాకా కోయాలి. మాకు సుమారు 500 మి.మీ. పోయింది.
3. రెండు పక్కలా ఉక్కు చానెల్ వేసి, పాత టేకుతో చేసిన కొత్త కొనను మధ్యలో బోల్టులతో బిగించాలి.
4. గోడ గూటిలో దూలం చుట్టూ 20 మి.మీ. ఖాళీ వదలాలి. సున్నంతో కూరి మూయకూడదు. కొనకు గాలి ఆడాలి.

బోల్టులు మొదట జింకు పూత ఉన్నవి వాడాం. ఐదు నెలలకే తలల మీద తుప్పు చుక్కలు. సముద్రం కిలోమీటరు లోపే ఉంది. అన్నీ తీసి 316 రకం స్టెయిన్‌లెస్ వేశాం. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు మొదటి రోజే అవి కొనండి.

నేల బలం పరీక్ష: నివాస గదులకు మన ప్రమాణం చదరపు మీటరుకు 2 కిలోన్యూటన్లు, అంటే సుమారు 200 కిలోల బరువు. కొట్లకు 4. పై అంతస్తును గోదాముగా ఇవ్వకపోవడానికి ఇది రెండో కారణం; కాపురం మోయగల దూలం సరుకు మోయలేదు. 3 మీటర్లు, 3.6 మీటర్ల గది మీద 25 కిలోల ఇసుక సంచులు 88 పేర్చి, 24 గంటలు ఉంచి, నేల ఎంత దిగిందో చూపే డయల్ గేజీ కింద పెట్టాం. సంచులు తీశాక మరో 24 గంటలకు 75 శాతమైనా తిరిగి లేవాలని మా ఇంజినీరు గీత గీశారు.

- మొదటి గది: 7.4 మి.మీ. దిగి, 6.1 లేచింది. 82 శాతం.
- రెండో గది: 13 మి.మీ. దిగి, 7.2 మాత్రమే లేచింది. 55 శాతం. విప్పి చూస్తే గోడలో లోపలి వైపు, సుత్తి శబ్దానికి దొరకని ఏడో పుచ్చు.
- అదే గది మరమ్మతు తరువాత: 8 మి.మీ. దిగి, 6.8 లేచింది. 85 శాతం.

కాబట్టి సుత్తి శబ్దాన్ని మాత్రమే నమ్మకండి.

పై కప్పు సున్నపు కాంక్రీటు కొత్తగా వేసేటప్పుడు ఈ దశలో చివరి తప్పు. ఇటుక ముక్కలు, సున్నం పరిచాక, వరుసగా కూర్చుని చెక్క దిమ్మిసలతో రోజుల తరబడి కొట్టాలి. దిమ్మిస వేస్తే ఎగిరి తిరిగి రావాలి, గుర్తు పడకూడదు. మూడో రోజుకు సగం మంది కూలీలు ఊరి పండుగకు వెళ్ళారు. "చాలా వరకు అయింది కదా" అని నేనే ఆపించాను. మేస్త్రీ గారు ఒప్పుకోలేదు, నేను వినలేదు. వారం తరువాత వానకు 300 చదరపు అడుగుల మేర పై పొర మెత్తబడి లేచిపోయింది. ఖరీదు 72,000. రెండోసారి ఏడు రోజులు కొట్టించాం.

నీరు నిలిపి చూస్తే పిట్టగోడ దగ్గర ఒకచోట 11 మి.మీ. నిలిచింది. వాలు 60కి 1 నుంచి 40కి 1 చేసి, మూడో తూము తెరిచాం. ఆ తూము 1926లోనే ఉంది. ఎవరో ఇటుకలతో మూసేశారు.

ఈ దశ ఖర్చు: 17.80 లక్షలు. ఇప్పటివరకు: 34.15 లక్షలు.

ఐదో దశ: కొట్టునూ కాపురాన్నీ వేరు చేయడం (17 నుంచి 23 నెలలు)

పాతరోజుల్లో కొట్టూ కాపురమూ ఒకే కుటుంబానివి. హైదరాబాదు పత్తర్‌గట్టీ బజారులో కూడా రాతి తోరణాల కింద దుకాణాలు, పైన ఇళ్ళు కట్టారు. ఇప్పుడు కింద ఒకరు, పైన ఇంకొకరు. పాత మిద్దెలో ఈ ఇద్దరి దారి, నీరు, కరెంటు, శబ్దం, నిప్పు అన్నీ కలిసిపోయి ఉంటాయి.

దారి: పాత మెట్లు రెండో కొట్టు లోపల నుంచి ఎక్కేవి. మెట్టు ఎత్తు 225 మి.మీ., అడుగు పెట్టే చోటు 200. పెద్దవాళ్ళు దిగలేరు. సందు వైపు నుంచి మండువా మూలలో కొత్త మెట్లు కట్టాం: 4.1 మీటర్ల ఎత్తుకు 24 మెట్లు, ఒక్కొక్కటి 171 మి.మీ. ఎత్తు, అడుగు పెట్టే చోటు 270. పాత మెట్ల టేకు పలకలే దూలాల కొనలకు వాడినవి.

నీరు: మధ్య వాటాకు స్నానాల గది మిద్దె నడుమ పెట్టించాను. గొట్టం వెనుక గోడకు 5.5 మీటర్లు. 40కి 1 వాలు లెక్కన నేల 137 మి.మీ. లేపాలి. లేపిన నేల కింద గొట్టం కారితే కనిపించదు, నేరుగా టేకు మీద పడుతుంది. పని సగమయ్యాక ఇది గ్రహించి అంతా తీయించాను. 1.05 లక్షలు. నా తప్పులన్నిటిలో ఖరీదైనది ఇదే. చివరికి వెనుక పెరట్లో, సొంత పునాది మీద, పాత గోడకు 25 మి.మీ. ఎడంగా ఇటుక గోపురంలా కట్టి, మూడు వాటాల స్నానాల గదులూ వంటింటి తూములూ అందులోకి చేర్చాం. పాత మిద్దెలో ఇప్పుడు తడి గది ఒక్కటీ లేదు. పలకలు వేయకముందు ప్రతి గదిలో 48 గంటలు నీరు నిలిపాం. ఒకచోట కారింది, అప్పుడే సరిచేశాం.

శబ్దం: కింద కుట్టు యంత్రాల మోటార్లు నడిపి, ఫోనులో కొలిచాం. కింద 71, పైన 52 డెసిబెల్లు. మందపాటి కప్పు నుంచి ఇంత రాకూడదు. చూస్తే శబ్దం వస్తున్నది పాత మెట్ల రంధ్రం, గొట్టాల సందుల నుంచి. మూశాక 41. ఫోను అంకెలు ఖచ్చితం కావు గాని, అదే ఫోనుతో ముందూ వెనుకా పోల్చడానికి చాలు.

నిప్పు: దూలాల మధ్య నిప్పును ఆపే జిప్సం పలకలు వేసి, దూలం ముఖం మాత్రం కనిపించేలా వదిలాం. మందపాటి టేకు పైన బొగ్గు పట్టి నెమ్మదిగా కాలుతుంది. దాని మధ్య సందులే ప్రమాదం. ప్రతి కొట్టుకూ వాటాకూ వేరే మీటరు, వేరే తీగలు. రంగులు, ప్లాస్టిక్, గ్యాస్ సిలిండర్లు అమ్మేవారికి కొట్టు ఇవ్వకూడదని ఒప్పందంలో రాశాను. ఎక్కువ అద్దె ఇస్తామన్నవాళ్ళను రెండుసార్లు పంపేశాను. పైన పిల్లలు నిద్రపోతారు.

ఈ దశ ఖర్చు: 14.60 లక్షలు. ఇప్పటివరకు: 48.75 లక్షలు.

ఆరో దశ: తలుపులు, సున్నాలు, అద్దెలు (23 నుంచి 26 నెలలు)

దీని గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. ఇనుప షట్టర్లు తీసి, గోదాములో దొరికిన పాత మడత తలుపులు బాగుచేసి కొట్లకు పెట్టాం. కిటికీ రెక్కలకు గాలివాన కొక్కేలు కొత్తవి. విశాఖకు లెక్కగట్టే గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, కాబట్టి చిన్న మేకులతో బిగించకండి. గోడలకు ప్లాస్టిక్ రంగు వేయలేదు. సున్నమే, మూడు చేతులు.

ఈ దశ ఖర్చు: 7.95 లక్షలు. మొత్తం: 56.70 లక్షలు. అంచనా కంటే 23 శాతం ఎక్కువ. పాత మిద్దెకు అంచనా మీద పది శాతం అదనంగా పెట్టుకోమంటారు. పాతిక పెట్టుకోండి.

అద్దెలు: మూడు కొట్లు ఒక్కొక్కటి 9,000. వెనుక గోదాము ఇప్పుడు కుట్టుపని గది, 6,000. పైన మూడు వాటాలు ఒక్కొక్కటి 8,500. మొత్తం నెలకు 58,500. పన్నులు, ఏటా సున్నం ఖర్చు తీయకముందు పెట్టిన డబ్బు తిరిగి రావడానికి ఎనిమిదేళ్ళ పైన.

27వ నెల

అక్టోబరు వాన, రెండు రోజులు ఆగకుండా కురిసింది. రాత్రి పదకొండున్నరకు మూడో వాటా నుంచి ఫోను. ఆవిడ ఆసుపత్రిలో నర్సు, డ్యూటీ నుంచి అప్పుడే వచ్చారు. "అమ్మగారూ, పడకగదిలో పిట్టగోడ పక్కన కప్పు మీద అరచేయంత తడి కనిపిస్తోంది. పొద్దున లేదు."

పొద్దున ఆరింటికి మేస్త్రీ గారితో వెళ్ళాను. పెన్సిలుతో తడి చుట్టూ గీత గీసి, తేదీ, సమయం రాశాం. మచ్చ 14 సెంటీమీటర్లు, 11 సెంటీమీటర్లు. పైన చూస్తే మూడో తూము మూతిలో రావి ఆకులు అడ్డుపడి, పక్క అతుకు మీద నీరు నిలిచింది. ఆకులు తీసి, అతుకు గీకి, సుర్ఖీ సున్నం కూరి, తడి గోనె కప్పాం. మేస్త్రీ గారి కూలి, సామాను కలిపి 850 రూపాయలు.

మూడు రోజుల తరువాత మచ్చ గీతకు 3 సెంటీమీటర్లు లోపలికి తగ్గింది. పది రోజులకు రంగు తేడా మాత్రమే మిగిలింది. పెన్సిలు గీత చెరపవద్దని ఆవిడకు చెప్పాను. డిసెంబరులో మళ్ళీ కొలవాలి.